లైట్‌రూమ్ క్లాసిక్‌లో ఎవరూ తెరవని ఆ పేనెల్: పెళ్లి ఆల్బమ్ పనిలో పబ్లిష్ సర్వీసెస్

ఫోటోలు దిద్దడానికి, సర్దుకోవడానికి వాడే అడోబ్ సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్ క్లాసిక్ ఏం చేస్తుందో ఈ పనిలో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. ప్రీసెట్లు, మాస్కులు, రంగులు దిద్దడం గురించి కావలసినన్ని వీడియోలున్నాయి. నేను రాసేది ఒక్క పేనెల్ గురించి. లైబ్రరీలో ఎడమవైపు అట్టడుగున పబ్లిష్ సర్వీసెస్ అని ఉంటుంది చూశారా, అది. 2010లో లైట్‌రూమ్ 3తో వచ్చింది. నాకు తెలిసిన స్టూడియోల్లో దాన్ని తెరిచి చూసినవాళ్లు తక్కువ. ఫ్లికర్‌లో ఫోటోలు పెట్టుకునేవాళ్ల కోసమేమో అనుకుని వదిలేస్తారు. అందులో హార్డ్ డ్రైవ్ అనే వరస కూడా ఉంది. బరంపురంలో మా స్టూడియో ఆల్బమ్ పనంతా ఇప్పుడు దాని మీదే నడుస్తోంది. దాన్ని తీసేస్తే ఈ పని మళ్లీ పాత పద్ధతిలో చెయ్యమన్నా నేను చెయ్యలేను.

ఆల్బమ్ డిజైన్ చేసేవాళ్లకి అసలు కష్టం డిజైన్ కాదు, డిజైన్ అయ్యాక వచ్చే మార్పులు. 12x36 అంగుళాల షీట్లు, అంటే 300 డీపీఐకి 10800 బై 3600 పిక్సెళ్లు. ఒక్కో షీటులో ఐదారు ఫోటోలు. అన్నీ పేర్చి, నీడలు వేసి, పేర్లు రాసి వాట్సాప్‌లో పంపుతాం. అప్పుడు మొదలవుతాయి ఫోన్లు. "మా అత్తయ్య మొహం నల్లగా వచ్చింది", "ఆ ఫోటోలో వెనకాల ఫ్యాను కనిపిస్తోంది, కొంచెం చూడండన్నా". మా ఊళ్లో ఇంకో సంగతి కూడా ఉంది. గంజాం, గజపతి జిల్లాల్లో తెలుగు ఇంటి పిల్ల ఒడియా ఇంటి కోడలు కావడం మామూలే. ఒకే పెళ్లికి రెండు ఆల్బమ్‌లు అడుగుతారు. ఆడపెళ్లివారికి జీలకర్ర బెల్లం, తలంబ్రాలు పెద్దవిగా కావాలి. మగపెళ్లివారికి హస్తగంఠి, అంటే వధూవరుల చేతులు కలిపి కట్టే తంతు, పెద్దది కావాలి. చాలా ఫోటోలు రెండింటిలోనూ ఉంటాయి. ఒక ఫోటో మార్చాలంటే రెండు చోట్లా మార్చాలి.

దీనికి ముందు డాంగిల్ (కంప్యూటర్‌కి గుచ్చే తాళంచెవి లాంటి పరికరం) పెడితే తెరుచుకునే ఒక ఆల్బమ్ సాఫ్ట్‌వేర్ వాడాం. టెంప్లేట్లు వేలల్లో ఇచ్చారు. ఫోటోలు లోపలికి లాగేస్తే షీట్లు చకచకా తయారయ్యేవి, అది బాగానే ఉండేది. కానీ ఒకసారి లోపలికి వెళ్లిన ఫోటోకి బయట ఉన్న ఫోటోతో సంబంధం తెగిపోయేది. రంగు దిద్దాలంటే మళ్లీ ఎక్స్‌పోర్ట్ చెయ్యాలి, షీటు తెరవాలి, పాతది తీసి కొత్తది పెట్టాలి, క్రాప్ మళ్లీ సరిచెయ్యాలి. సీజన్‌లో రాత్రి రెండింటి దాకా ఈ పనే. పాడైన డాంగిల్ మార్చి ఇమ్మంటే అమ్మినవాళ్లు ఫోనే ఎత్తలేదు. ఆ కోపం నాకు ఇంకా ఉంది.

ఇప్పుడు మేం పెట్టుకున్న పద్ధతి చెప్తాను. హార్డ్ డ్రైవ్ సర్వీసుని రెండుగా పెట్టుకున్నాం. ఒకటి ఆల్బమ్‌కి: పూర్తి సైజు జేపెగ్, ఎస్‌ఆర్‌జీబీ, పేరు మార్చకుండా. ఇంకోటి వాట్సాప్‌కి: పొడవు వైపు 2048 పిక్సెళ్లు, మూలన మా లోగో. సైజు, షార్పెనింగ్ లాంటివన్నీ సర్వీసుకే అంటుకుని ఉంటాయి, ఫోల్డర్‌కి కాదు. అందుకే రెండు. ఆల్బమ్ సర్వీసు కింద పెళ్లికో సెట్టు, అందులో ఆడపెళ్లివారికొక ఫోల్డరు, మగపెళ్లివారికొక ఫోల్డరు. ఎంపిక చేసిన ఫోటోలు అందులోకి లాగి పబ్లిష్ నొక్కితే డిస్కులో అదే పేరుతో ఫోల్డర్లు తయారై జేపెగ్‌లు పడతాయి. ఇంతవరకు మామూలు ఎక్స్‌పోర్ట్ లాగే కనిపిస్తుంది. తేడా ఆ తర్వాత తెలుస్తుంది. పబ్లిష్ అయిన ఫోటోని మీరు తర్వాత ఎప్పుడు ముట్టుకున్నా, కాస్త వెలుగు పెంచినా సరే, లైట్‌రూమ్ దాన్ని గుర్తుపెట్టుకుని "మోడిఫైడ్ ఫోటోస్ టు రీపబ్లిష్" అనే వరసలోకి తెచ్చి పెడుతుంది. మళ్లీ పబ్లిష్ నొక్కితే అవి మాత్రమే, అదే పేరుతో, పాత ఫైలు మీదే పడతాయి.

ఫోటోషాప్ వైపు చెయ్యాల్సింది ఒక్కటే. షీటులోకి ఫోటోలు తెచ్చేటప్పుడు ప్లేస్ ఎంబెడెడ్ కాకుండా ప్లేస్ లింక్డ్ వాడాలి. ఎంబెడెడ్ అయితే ఫోటో నకలు షీటు లోపలే ఉండిపోతుంది, లింక్డ్ అయితే డిస్కులో ఉన్న జేపెగ్‌కే ముడిపడి ఉంటుంది. ఇది 2014 నుంచి ఉంది. ఫ్రేమ్ టూల్‌తో గళ్లు గీసి పెట్టుకునేవాళ్లయితే ఫోల్డర్ నుంచి ఫోటో లాగి వదిలేటప్పుడు ఆల్ట్ నొక్కి ఉంచితే లింకుగా వస్తుంది. ఆ ఆల్ట్ మర్చిపోతే ఎంబెడ్ అయిపోతుంది, పైకి ఏ తేడా కనపడదు. కొత్తగా చేరిన కుర్రాళ్లకి నేను మొదట నేర్పేది ఇదే.

ఇది ఎంత పని చేస్తుందో నాకు పూర్తిగా అర్థమైంది ఒక నేతవారి ఇంటి పెళ్లిలో. పెళ్లికూతురి తండ్రి మగ్గం మీద పనిచేసే మనిషి. కూతురి పెళ్లికి పట్టుచీర తనే నేశాడు. అంచున ఫొడా కుంభ, గుడి శిఖరాల వరస. పడుగు ఎరుపు, పేక ముదురు వంకాయ రంగు. రెండు ఆల్బమ్‌ల షీట్లూ పూర్తయ్యాయి, అందరూ బాగుందన్నారు, ల్యాబ్‌కి పంపాలి. ఆయన వచ్చి స్క్రీన్ మీద మొదటి షీటు చూసి చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా, "ఏటి బాబూ, ఇది ఇటికరాయి రంగులా ఉంది. నేను నేసింది ఇది కాదు" అన్నాడు. మర్నాడు చీర సంచీలో పెట్టుకుని తెచ్చాడు. గుమ్మం దగ్గర ఎండలో మడత విప్పి పట్టుకుంటే ఎదురుగా నిలబడినప్పుడు ఎరుపు, కాస్త పక్కకి జరిగితే మడతల్లో వంకాయ రంగు. మా ఫోటోల్లో ఆ రెండోది ఎక్కడా లేదు. మండపంలో వేసిన పసుపు ఎల్‌ఈడీ లైట్లు, మొహాలు బాగా రావాలని పెంచిన వెచ్చదనం కలిసి వంకాయ రంగుని మింగేశాయి. వేరేవాళ్లయితే ఎరుపు చీరే కదా అనుకుని ఊరుకునేవారు. ఆయన ఎందుకు ఊరుకుంటాడు?

చీరని మానిటర్ పక్కన స్టాండు మీద వేలాడదీశాం. ముందు ఒక్క ఫోటో తీసుకున్నాను. మాస్కింగ్‌లో, అంటే ఫోటోలో కావలసిన భాగాన్నే పట్టుకుని దిద్దే చోట, పీపుల్ ఎంచుకుని, పెళ్లికూతురి బట్టల వరకే మాస్క్ తీసుకుని, ఆ మాస్క్ లోపల పాయింట్ కలర్‌తో నీడ భాగంలో రంగు పట్టుకుని హ్యూ (రంగు ఛాయ) మెజెంటా వైపు జరిపాను, వెలుగు కొంచెం తగ్గించాను. మొహం మాస్క్‌లో లేదు కాబట్టి చర్మం రంగు చెక్కుచెదరలేదు. ఆయన కుర్చీ దగ్గరకి లాక్కుని కూర్చుని "ఇంకొంచెం, ఇంకొంచెం, ఆఁ, చాలు" అంటూ ఆపాడు. ఆ సెట్టింగుని ఫ్లాష్ లేని ఫోటోలన్నిటికీ సింక్ చేశాను. మాస్క్ ప్రతి ఫోటోలో బట్టలు మళ్లీ వెతుక్కుంటుంది. జనం గుంపుగా ఉన్న ఫోటోల్లో పక్కామె చీర కూడా పట్టుకుంది, వాటిని చేత్తో సరిచేశాం. ఫ్లాష్ ఫోటోలకి విడిగా చెయ్యాల్సి వచ్చింది.

ఆ తర్వాత పబ్లిష్ పేనెల్ తెరిస్తే రెండు ఫోల్డర్లలోనూ, ఆడపెళ్లివారి దాంట్లోనూ మగపెళ్లివారి దాంట్లోనూ, ముట్టుకున్న ఫోటోలన్నీ పైకి వచ్చి కూర్చున్నాయి. నేను ఏవి మార్చానో రాసుకోలేదు. రాసుకోవాల్సిన పనీ లేదు. రెండు చోట్లా పబ్లిష్ నొక్కాను. ఫోటోషాప్‌లో షీట్లు తెరిస్తే మారిన ప్రతి ఫోటో లేయర్ మీద పసుపు త్రికోణం. లేయర్ మెనూలో స్మార్ట్ ఆబ్జెక్ట్స్ కింద "అప్‌డేట్ ఆల్ మోడిఫైడ్ కంటెంట్" నొక్కగానే షీటులో చీరలన్నీ ఒక్కసారి రంగు మారాయి. క్రాప్ అలాగే ఉంది, నీడలు అలాగే ఉన్నాయి, పేర్లు అలాగే ఉన్నాయి. డాంగిల్ రోజుల్లో అయితే రెండు ఆల్బమ్‌లూ మొదటి నుంచి చేసినంత పని. మధ్యాహ్నం భోజనానికి వెళ్లే లోపల షీట్లన్నీ సేవ్ అయ్యాయి. ఆ పెద్దాయన చివరి షీటు దాకా ఒక్కొక్కటీ చూసి, అంచు ఉన్న చోట వేలు పెట్టి, "ఇప్పుడు నాదే" అన్నాడు.

ఇంత చెప్పాక కొన్ని మాటలు వెనక్కి తీసుకోవాలి. ఆ పేనెల్‌లో మామూలు ఫోల్డర్‌తో పాటు స్మార్ట్ ఫోల్డర్ కూడా పెట్టుకోవచ్చు. ఎర్ర లేబుల్ వేస్తే చాలు, ఫోటో దానంతటదే వచ్చి చేరుతుంది. చూడ్డానికి ఎంతో ముచ్చటగా ఉంటుంది. ఆల్బమ్‌కి మాత్రం వద్దు. ఎవరైనా ఆ ఫోటో లేబుల్ మారిస్తే అది "డిలీటెడ్ ఫోటోస్ టు రిమూవ్" లోకి పోతుంది. మళ్లీ పబ్లిష్ నొక్కగానే డిస్కులోంచి జేపెగ్ పోతుంది, షీటులో లింకు తెగి ఎర్ర ప్రశ్నార్థకం వస్తుంది. స్మార్ట్ ఫోల్డర్‌ని వాట్సాప్ సర్వీసుకే ఉంచండి. అక్కడ ఫోటో పోయినా నష్టం లేదు.

కీవర్డ్ ఒకటి చేర్చినా అది కూడా మార్పు కిందే లెక్క. పెళ్లి ఫోటోలన్నిటికీ ఊరి పేరు కీవర్డ్‌గా వేస్తే మొత్తం మళ్లీ పబ్లిష్ చెయ్యమని వరసలో నిలబడతాయి. అన్నీ ఎంచుకుని రైట్ క్లిక్‌లో "మార్క్ యాజ్ అప్ టు డేట్" కొట్టాలి. కానీ వాటి మధ్యలో నిజంగా రంగు మార్చిన ఫోటో ఉంటే అది కూడా కలిసిపోతుంది. అందుకని కీవర్డ్‌లు మొదటే వేసేయడం మంచిది.

సర్వీసుకి ఒకసారి ఇచ్చిన ఫోల్డర్ దారి తర్వాత మార్చనివ్వదు. బయటి డిస్కు మీద పెడితే విండోస్ దానికి ఒకసారి "E", ఇంకోసారి "F" అని డ్రైవ్ అక్షరం మార్చేస్తుంది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి చివరన ఉండే అక్షరం ఏదైనా స్థిరంగా ఇచ్చేయండి. మేం డబ్ల్యూ ఇచ్చాం. షీటులో పెట్టిన తర్వాత లైట్‌రూమ్‌లో క్రాప్ ఆకారం మార్చకండి, నిలువు ఫోటో అడ్డం అయితే షీటులో దాని చోటు చెదిరిపోతుంది. రంగు, వెలుగు ఎంతైనా మార్చుకోండి.

నాకు నిజంగా బాధ కలిగించే సంగతి మాత్రం కేటలాగ్, అంటే ఏ ఫోటోకి ఏం చేశామో లైట్‌రూమ్ రాసుకునే ఫైలు. ఈ లెక్కంతా కేటలాగ్‌లోనే ఉంటుంది, కేటలాగ్‌ని ఒకేసారి ఇద్దరు తెరవలేరు, నెట్‌వర్క్ డ్రైవ్ మీద పెట్టనివ్వదు. అంటే రంగులు దిద్దేవాడు ఒకడే. షీట్లు చేసేవాళ్లు ఎంతమందైనా ఉండొచ్చు, ఫోల్డర్‌ని షేర్ చేస్తే చాలు. కానీ మొదటి కుర్చీ ఒకటే. మాఘమాసం పెళ్లిళ్లలో ఆ కుర్చీ దగ్గరే పని ఆగుతుంది.

షీట్ల మీద పేర్ల సంగతి ఒక మాట. తెలుగు ఒత్తులు, ఒడియా యుక్తాక్షరాలు విడిపోయి వస్తుంటే ఫాంటుని తిట్టకండి. ఫోటోషాప్‌లో వరల్డ్ రెడీ లేఅవుట్ పెట్టుకోండి. యూనికోడ్ ఫాంట్లతో రెండు లిపులూ ఒకే షీటులో శుభ్రంగా వస్తాయి.

వీడియో మేం డావిన్చి రిసాల్వ్‌లో చేస్తాం. ఆ చీర వీడియోలోనూ ఇటిక రంగులోనే ఉంది. ఆ మండపం క్లిప్పులన్నీ కలర్ పేజీలో ఒక గ్రూపులో ఉన్నాయి కాబట్టి పోస్ట్ క్లిప్‌లో ఒక నోడ్ వేసి దిద్దితే గ్రూపు మొత్తానికి వెళ్లింది. కానీ ఫోటోల్లోలాగా బట్టల వరకే తేలిగ్గా పట్టుకోవడం మాకు కుదరలేదు, కుంకుమ రంగు కూడా కొంచెం మారింది. వీడియోలో అంతవరకు సర్దుకున్నాం, ఆయన కూడా ఒప్పుకున్నాడు.

మీరు పెట్టుకోవాలా అంటే, మీ పని ఎలా ఉంటుందో చూసుకోండి. షీట్లు బయట డిజైనర్‌కి ఇచ్చేసేవాళ్లకి దీనితో పెద్ద ఉపయోగం లేదు. ఫైలుతో పాటు లింకులు కూడా వెళ్లాలి, ఫైల్ మెనూలో ప్యాకేజ్ చేసి పంపితే అక్కడితో ఆ బంధం ఆగిపోతుంది. లైట్‌రూమ్, ఫోటోషాప్ రెండింటికీ నెలనెలా కట్టాలి, ఏడాదికి నాలుగు పెళ్లిళ్లు చేసేవాళ్లకి అది భారమే. మా స్టూడియోలో దిద్దడం, పేర్చడం రెండూ ఒకే గదిలో జరుగుతాయి, పెళ్లికి రెండు ఆల్బమ్‌లు పోతాయి, మార్పులు చివరి రోజు దాకా వస్తాయి. అలాంటి చోట మాత్రం తప్పకుండా మొదలుపెట్టండి. ముందు ఒక చిన్న ఫంక్షన్, బారసాల లాంటిది, దీంతో చేసి చూసి, ఆ తర్వాత పెళ్లి పని ఎత్తుకోండి.