కసోల్‌లో నది పక్కనా, కల్గా కొండ మీదా: బసకు ఏది మేలు?

హిమాచల్‌లోని పార్వతి లోయకు వెళ్లే మనవాళ్లు చాలామంది కసోల్‌లోనే దిగిపోతారు. ఢిల్లీలో రాత్రి వోల్వో ఎక్కితే తెల్లారేసరికి భుంతర్, అక్కణ్ణుంచి టాక్సీలో నేరుగా హోటల్ గుమ్మం ముందుకే. ఏటీఎం, మందుల షాపు, రకరకాల తిండి అన్నీ దగ్గర్లోనే. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలతో వెళ్తే ఇంకో ఆలోచన అక్కర్లేదు.

కాకపోతే అక్కడ కనిపించేది నది, లోయ కాదు. పైగా మంచు కరిగే మే, జూన్‌లలో రాత్రంతా ఒకటే హోరు. మొదటి రాత్రి ముచ్చటగానే ఉంటుంది, రెండో రాత్రికి చెవుల్లో దూది వెతుక్కుంటాం.

అదే లోయలో ఇంకా పైనున్న కల్గా ఊరికి కారు వెళ్లదు. బస్సు బర్షైనీలో ఆగిపోతుంది. డ్యామ్ దాటి, అరగంటకు పైగా కొండెక్కాలి. చక్రాల సూట్‌కేసు తెచ్చుకున్నవాళ్ల అవస్థ చూడాలి! పైకి చేరాక చెక్క ఇళ్లు, ఆపిల్ తోటల మధ్య చిన్న లాడ్జి. వరండాలో కూర్చుంటే కింద పార్వతి సన్నటి తెల్లగీతలా ఉంటుంది. ఎదుటి కొండల మీద ఎండ ఎలా జరుగుతోందో చూస్తుంటే టీ చల్లారిపోతుంది. రాత్రి అందరూ చేరేది హాల్లోని ఇనప పొయ్యి చుట్టూనే. దాన్ని అక్కడ తందూర్ అంటారు. తడిసిన సాక్సులు దాని పక్కన, రాజ్మా అన్నం ఒళ్లో. భోజనం మాత్రం సాయంత్రమే చెప్పి పెట్టాలి. డబ్బులు కిందే తీసుకుని కొండెక్కాలి. కరెంటు పోతే పోయినట్టే.

నది ఒడ్డున ఉండేవాళ్లకు ఒక్క మాట. నీళ్లలోని రాళ్ల మీదకు ఫొటోల కోసం దిగొద్దు. 2014 జూన్ 8న బియాస్ నదిలో లార్జీ డ్యామ్ నుంచి ఒక్కసారిగా వదిలిన నీళ్లకు హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. పార్వతి కలిసేది ఆ బియాస్‌లోనే, కసోల్‌కు ఎగువన బర్షైనీ డ్యామూ ఉంది.

నా ఓటు కల్గాకే, వానాకాలం తప్ప. ఆ నెలల్లో కొండచరియలు విరిగిపడి దారులు మూసుకుపోతాయి, అసలు ఆ లోయ జోలికే పోవద్దు. రెండు చోట్లా ఉండాలనుకుంటే ముందు కల్గా, తర్వాత కసోల్. దిగి వచ్చేటప్పుడు మణికరణ్ దారిలోనే తగులుతుంది. అక్కడి గురుద్వారాలో వేడినీటి స్నానం చేసి, లంగర్‌లో (అందరికీ ఉచితంగా పెట్టే భోజనం) తిని బయల్దేరితే కాళ్ల పీకు సగం తగ్గుతుంది.