ఫుల్ బాడీ చెకప్పా, అవసరమైన నాలుగు పరీక్షలా: ఏది మేలు?

రిపోర్టులో ఒక్క అంకె ఎర్రగా కనిపిస్తే చాలు, మనిషికి ఆ రాత్రి నిద్ర పట్టదు. మొన్న నా దగ్గరికి వచ్చినావిడకు నలభై రెండేళ్లు. ఒంట్లో ఏ బాధా లేదు. అరవైకి పైగా పరీక్షలున్న ప్యాకేజీ తీసుకుంటే ల్యాబ్ వాళ్లు ఇంటికే వచ్చి రక్తం తీసుకెళ్లారట. పదకొండు పేజీల రిపోర్టు, అందులో మూడు చోట్ల ఎర్ర అంకెలు. "నాకేం కాదు కదా డాక్టర్ గారూ?" అని అడుగుతుంటే చేతిలో కాగితాలు వణుకుతున్నాయి.

ఆ మూడింటిలో ఏదీ జబ్బు కాదు. నార్మల్ రేంజ్ కట్టే పద్ధతిలోనే ఈ చిక్కు ఉంది. ఆరోగ్యంగా ఉన్న చాలామందిని పరీక్షించి, మధ్యలో వచ్చిన 95 శాతం మంది అంకెల్ని నార్మల్ అంటారు. అంటే ఏ జబ్బూ లేనివాళ్లలోనే నూటికి ఐదుగురు గీతకు అటో ఇటో పడతారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు చేస్తే, పూర్తి ఆరోగ్యంతో ఉన్న మనిషికి కూడా కనీసం ఒకటి తేడాగా వచ్చే అవకాశం 64 శాతం. అరవై చేస్తే ఏదో ఒకటి రాకపోవడమే అరుదు.

టెన్షన్‌తో ఆగిపోతే కొంత నయం. ఎర్ర అంకె స్కాన్‌కు పంపుతుంది, స్కాన్‌లో చిన్న మచ్చ కనిపిస్తుంది, మచ్చ బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం) దాకా లాక్కెళ్తుంది. దక్షిణ కొరియాలో ఇది దేశమంతటా జరిగింది. 1999 తర్వాత మామూలు చెకప్‌లతో పాటు మెడకు అల్ట్రాసౌండ్ కూడా చేయించుకోవడం పెరిగింది. 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ కేసులు 1993తో పోలిస్తే 15 రెట్లయ్యాయి. దాంతో చనిపోయేవాళ్ల సంఖ్య మాత్రం ఏమీ మారలేదు. జీవితాంతం ఏ హానీ చేయని గడ్డల కోసం వేలమంది థైరాయిడ్ గ్రంథినే తీయించుకున్నారు. వాళ్లలో చాలామంది బతికినంత కాలం రోజూ మాత్ర వేసుకోవాలి. కొందరికి స్వరపేటిక నరం దెబ్బతిని గొంతే మారిపోయింది. ఈ సంగతి గుర్తుకొచ్చినప్పుడల్లా నాకు మనసు బరువెక్కుతుంది.

"ముందే కనిపెడితే ఐదేళ్లకు మించి బతుకుతారు" అనే ప్రచారాన్ని నేను అంత తేలిగ్గా నమ్మను. ఒకాయన ఒక క్యాన్సర్‌తో 70 ఏళ్లకు చనిపోతారనుకుందాం. లక్షణాలు కనబడి 67లో తెలిస్తే మూడేళ్లు బతికినట్టు లెక్క. స్క్రీనింగ్‌లో, అంటే లక్షణాలు లేకుండానే చేసే పరీక్షలో, 62కే బయటపడితే ఎనిమిదేళ్లు బతికినట్టు. ఆయన ఆయుష్షు ఒక్కరోజు కూడా పెరగలేదు, జబ్బు సంగతి తెలిసి బతికిన ఏళ్లే పెరిగాయి. అందుకే బతికిన ఏళ్లు కాకుండా మరణాలు తగ్గాయా అని అడగాలి. 2.5 లక్షల మందికి పైగా పాల్గొన్న ట్రయల్స్‌ను (మనుషుల మీద చేసిన అధ్యయనాలను), వైద్య పరిశోధనల్ని బేరీజు వేసే కాక్రేన్ సంస్థ సమీక్షించి 2019లో చెప్పింది ఇదే: ఇలాంటి సాధారణ చెకప్‌ల వల్ల మొత్తం మరణాలు గానీ, క్యాన్సర్ మరణాలు గానీ తగ్గినట్టు కనిపించలేదు. వాటిలో చాలా ట్రయల్స్ పాతవే, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ కొత్త ప్యాకేజీలు మేలు చేస్తాయని చూపాల్సిన బాధ్యత వాటిని అమ్మేవాళ్లదే.

మరి రెండోవైపు? బీపీ పరీక్ష, బరువునూ వయసునూ బట్టి షుగర్ పరీక్ష, ఆడవాళ్లకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష, 45 దాటాక పెద్దపేగు క్యాన్సర్ పరీక్ష. వీటికి నా ఓటు గట్టిగా పడుతుంది. పేగులో పాలిప్ (లోపలి గోడ మీద పెరిగే చిన్న కండ) దొరికితే అక్కడికక్కడే తీసేయొచ్చు, అది క్యాన్సర్‌గా మారే దాకా పోదు. మామోగ్రామ్ (రొమ్ము క్యాన్సర్ కోసం తీసే ఎక్స్‌రే) దగ్గర లాభంతో పాటు అనవసర బయాప్సీల నష్టమూ ఉంది కాబట్టి వయసు, కుటుంబ చరిత్ర చూసి మాట్లాడుకుని చేయాలి. ఒంట్లో ఏదైనా లక్షణం ఉన్నవాళ్ల సంగతి వేరు. వాళ్లకు కావలసింది ప్యాకేజీ కాదు, ఆ లక్షణాన్ని పట్టుకుని వెళ్లే పరీక్ష.

ప్రభుత్వాలు కూడా ఎన్ని పరీక్షలు చేశామో చెప్పుకుంటాయి. జబ్బు బయటపడిన వాళ్లలో ఎంతమందికి చికిత్స అందిందో చెప్పడం తక్కువ. స్క్రీనింగ్ మొదలుపెట్టే ముందే చికిత్స సిద్ధంగా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం విల్సన్, యుంగ్నర్ అనే ఇద్దరు నిపుణులు 1968లోనే రాశారు.

ఆ రిపోర్టు తెచ్చినావిణ్ణి ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోమన్నాను. పాదాలు నేలకు ఆనించి, చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద పెట్టించి కఫ్ కట్టాను. 158/98. కాసేపాగి మళ్లీ చూసినా అంతే. తర్వాతి రెండు వారాలు వేర్వేరు రోజుల్లో చూసినా తగ్గలేదు. మందు మొదలుపెట్టాం. ఆ పదకొండు పేజీల్లో బీపీ లేదు.