జస్ట్ ఇన్ కేస్, సేఫ్ సైడ్, ప్లాన్ బి: ఎక్కడ ఏది మేలు?

ముందుజాగ్రత్త గురించి ఇంగ్లీషులో చెప్పాల్సి వస్తే మనలో చాలామంది అన్నిచోట్లా ‘ఫర్ సేఫ్టీ’ అనేస్తాం. అవతలివాళ్ళకి అర్థమవుతుంది, కానీ సందర్భాన్ని బట్టి అంతకంటే బాగా అతికే మాటలున్నాయి.

రోజువారీ మాటల్లో నా ఓటు ‘జస్ట్ ఇన్ కేస్’కే. ‘ఐ సేవ్డ్ ఎ కాపీ, జస్ట్ ఇన్ కేస్’ అని చివర తగిలిస్తే సరి, ఏం జరుగుతుందనో వివరించక్కర్లేదు. ‘టు బీ ఆన్ ద సేఫ్ సైడ్’ కూడా దగ్గరిదే, కాకపోతే అందులో కాస్త లెక్క కనిపిస్తుంది: అరగంట దారే అయినా పదింటి రైలుకి ఎనిమిదిన్నరకే బయల్దేరదాం అంటాం చూడండి, అలాంటప్పుడు ఇదే నప్పుతుంది.

అసలు తికమక ‘ఇన్ కేస్’కీ ‘ఇఫ్’కీ మధ్య. ‘టేక్ యాన్ అంబ్రెల్లా ఇన్ కేస్ ఇట్ రెయిన్స్’ అంటే వాన పడినా పడకపోయినా గొడుగు ఇప్పుడే చేతిలో ఉండాలి, అదే ‘ఇఫ్’ పెడితే పడితేనే తీసుకెళ్ళు అని. అయితే ‘ఇన్ కేస్ ఆఫ్ ఫైర్, బ్రేక్ గ్లాస్’ బోర్డులో ‘ఆఫ్’ చేరేసరికి అది ‘ఇఫ్’ అయి కూర్చుంటుంది. నిప్పంటుకుంటుందేమోనని ముందే అద్దం పగలగొట్టమని కాదు!

‘బెటర్ సేఫ్ దాన్ సారీ’ని చూసి వాడండి. ‘ఇంత హడావిడి అవసరమా’ అని ఫ్రెండ్ విసుక్కుంటే జవాబుగా బాగుంటుంది, బాస్‌కి మెయిల్‌లో రాస్తే మాత్రం ఆయనకే సుద్దులు చెప్పినట్టుంటుంది. అక్కడ ‘ఎర్ ఆన్ ద సైడ్ ఆఫ్ కాషన్’ మేలు: ఎటూ తేలనప్పుడు, పొరపాటంటూ జరిగితే జాగ్రత్త ఎక్కువై జరగనీ అని.

సామెతలకొస్తే, ‘యాన్ ఔన్స్ ఆఫ్ ప్రివెన్షన్ ఈజ్ వర్త్ ఎ పౌండ్ ఆఫ్ క్యూర్’ అని అమెరికా రచయిత, రాజనీతిజ్ఞుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1735లో రాసింది ఫిలడెల్ఫియాలో అగ్నిప్రమాదాల గురించి. ఔన్సు నివారణ పౌండు చికిత్సకి సాటి అని అర్థం. పౌండుకి 16 ఔన్సులు, కాబట్టి బేరం లాభమే. ఏమీ జరగకముందు ఇది సరిపోతుంది. ‘ఎ స్టిచ్ ఇన్ టైమ్ సేవ్స్ నైన్’ అలా కాదు, చిరుగు అప్పటికే పడింది, పెద్దది కాకముందే కుట్టెయ్యమంటుంది. పైకప్పు కారడం మొదలయ్యాక పనికొచ్చేది ఈ రెండోదే.

‘ప్లాన్ బి’ నోటి మాటకి, ‘కంటింజెన్సీ ప్లాన్’ రిపోర్టుకి. అలాంటిదేమైనా ఉందా అంటే ఎవరైనా ‘వీల్ క్రాస్ దట్ బ్రిడ్జ్ వెన్ వీ కమ్ టు ఇట్’ అన్నారనుకోండి, అప్పటి సంగతి అప్పుడు చూద్దామని, అంటే చాలాసార్లు ప్లానేమీ లేదనే.

ఒకటికి రెండు ఏర్పాట్లు చేసుకోవడాన్ని బ్రిటన్‌లో ‘బెల్ట్ అండ్ బ్రేసెస్’ అంటారు, ప్యాంటు జారకుండా నడుముకి బెల్టు, భుజాల మీదుగా పట్టీలు (బ్రేసెస్), రెండూ అన్నమాట. అమెరికాలో బ్రేసెస్ అంటే పళ్ళ క్లిప్పులు గనక అక్కడ ‘బెల్ట్ అండ్ సస్పెండర్స్’ అనాలి, అలాగని బ్రిటన్‌లో సస్పెండర్స్ అన్నారో, ఆడవాళ్ళ మేజోళ్ళ పట్టీలనుకుంటారు.