లంకలో మండువా ఇల్లు అమ్మకానికి ఉందని ఫొటోలు వచ్చాయా? బయానా ఇచ్చే ముందు చదవండి

కోనసీమలో గోదావరి పాయల మధ్య ఉన్న ఒక లంకలో పాత పెంకుటిల్లు అమ్ముతామని తిరుగుతున్నారు. మండువా, టేకు స్తంభాలు, వెనక కొబ్బరితోట, ఎదురుగా ఏరు. పంటు (ఏరు దాటించే పడవ) దిగి నడిచి వెళ్లాలి. హోంస్టే పెట్టుకోవచ్చంటూ హైదరాబాద్ వాళ్లకీ, అమెరికాలో ఉన్న మనవాళ్లకీ మధ్యవర్తులు ఫొటోలు పంపుతున్నారు. మాకూ అలాగే వచ్చాయి. మేమిచ్చిన బయానాలో సగం ఇంకా వాళ్ల దగ్గరే ఉంది.

ఇంటి కథ మాత్రం బాగా చెబుతారు. ముత్తాత కట్టించాడట, 1953 వరదకీ 1986 వరదకీ చెక్కుచెదరలేదట. గోడ మీద 86 నాటి నీటి చార కూడా చూపిస్తారు. అందులో అబద్ధమేమీ లేదు, ఇల్లు పాతదే, కట్టింది ఆ కుటుంబమే. కింద నేల ఎవరిదన్న దగ్గరే మాట దాటేస్తారు.

చేతిలో పెట్టే కాగితాలు ఇవీ: ఇంటిపన్ను రసీదులు, కరెంటు బిల్లులు, అన్నదమ్ములు రాసుకున్న రిజిస్టర్ కాని పారీకత్తు, అంటే పంపకాల కాగితం (ఆడపిల్లల సంతకాలు అందులో లేవు), డోర్ నంబరు మీద తీసిన ‘నిల్’ ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్; నిల్ అంటే లావాదేవీలేవీ లేవని). ఆ నిల్ చూసి చాలామంది క్లియర్ అనుకుంటారు. ఈసీలో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలే. ప్రభుత్వ భూమికి మామూలుగా రిజిస్టరైన లావాదేవీలుండవు కాబట్టి దానికీ నిల్లే రావచ్చు. పైగా ఆన్‌లైన్ ఈసీ 1983 నుంచే దొరుకుతుంది, అంతకుముందుది కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పాత పుస్తకాలు వెతికించుకోవాలి.

మా లాయరు గారు సర్వే నంబరు కావాలని పట్టుబట్టారు. అమ్మేవాళ్లు ఇదిగో అదిగో అని తిప్పారు. చివరికి మేమే రెవెన్యూ రికార్డులు తీయిస్తే, ఇల్లున్న జాగా ప్రభుత్వ లంక భూమి. 22-ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో ఉంది. కొబ్బరితోట వేరే పేద కుటుంబానికి ప్రభుత్వం ఇచ్చిన డి-పట్టా (అసైన్డ్) భూమి, అమ్మేవాళ్లు దాన్ని వాళ్ల దగ్గర తెల్లకాగితం మీద రాయించుకున్నారు. అసైన్డ్ భూముల బదలాయింపును నిషేధించిన 1977 చట్టం ప్రకారం ఆ కొనుగోలు చెల్లదు. భూమి వెనక్కి తీసుకోవచ్చు, కొన్నవాళ్లకు శిక్ష కూడా ఉంది. ‘2023లో చట్టం మార్చారు కదండీ, ఇరవయ్యేళ్లు దాటితే అమ్ముకోవచ్చు’ అని వాదించారు. ఆ వెసులుబాటు అసలు పట్టాదారుకీ, వారి వారసులకీ ఇచ్చింది. తెల్లకాగితం వాళ్లకు కాదు.

ఇంత బయటపడ్డాక మధ్యవర్తి అన్న మాట: ‘సర్వే నంబరు గొడవ మనకెందుకు సార్, డోర్ నంబరు మీద చేయించేద్దాం, టెన్షన్ పడకండి.’ నిషేధిత జాబితా సర్వే నంబర్ల మీద నడుస్తుంది మరి, అందుకే ఈ అడ్డదారి. మేం అక్కడే ఆపేశాం.

ఇంకోటి. ఎఫ్ఎంబీ (సర్వే నంబరు కొలతల పటం) నకలు పెట్టుకుని సర్వేయర్ చేత కొలిపిస్తే తూర్పు హద్దు ఏట్లో తేలింది! ఒకవైపు కోత, ఇంకోవైపు మేట, లంకల్లో ఇది మామూలే. రేవు దగ్గర టీ కొట్టులో అడిగితే తోట ఎన్ని వరసలు పోయిందో కూడా చెప్పారు. కాగితం మీది సెంట్లకు డబ్బు కడితే నీళ్లకు కట్టినట్టే. హోంస్టే ఆశ ఉన్నవాళ్లు 1884 నాటి నదీ పరిరక్షణ చట్టం, సముద్రానికి దగ్గరి లంకలైతే సీఆర్‌జెడ్ (తీరప్రాంత నియంత్రణ) నిబంధనలు కూడా చూసుకోండి.

టైటిల్ సరిగా లేకపోతే బయానా మొత్తం తిరిగివ్వాలని అగ్రిమెంటులో రాయించాం కాబట్టి సగమైనా వచ్చింది. మిగతాది మధ్యవర్తి దగ్గరుందని అమ్మేవాళ్లు, వాళ్ల దగ్గరే ఉందని అతను. లీగల్ నోటీసు పంపాం. ఈలోగా అదే ఇంటిని ‘క్లియర్ టైటిల్’ అని రేటు పెంచి మళ్లీ పెట్టారు. ఫొటోలో వీధరుగు పక్కన నీలం రంగు వేసిన నూతిగట్టు కనిపిస్తే అది ఇదే. మీకూ వస్తే మెసేజ్ పెట్టండి, సర్వే నంబరూ మేం తీయించిన నకళ్లూ పంపిస్తాను.