డైకి ఏ లాక్ రింగు మేలు: ఓ-రింగా, సెట్ స్క్రూనా, క్రాస్ బోల్టా?

కాల్చిన తూటా తొడుగును మళ్లీ నింపి వాడుకోవడమే రీలోడింగ్. పిడితో పనిచేసే ప్రెస్‌లో అందుకోసం బిగించే ఉక్కు అచ్చు డై. లీ, ఆర్‌సీబీఎస్, రెడింగ్, హార్నడీ... ఏ కంపెనీ చేసినా మామూలు రీలోడింగ్ డై కొలత ఒకటే. 7/8 అంగుళం వ్యాసం, అంగుళానికి 14 మరలు (స్క్రూ చుట్లు). అంటే డైని ఒక చుట్టు తిప్పితే దాదాపు 0.071 అంగుళం దిగుతుంది. ఇప్పుడు ఒక లెక్క వేయండి. బోల్ట్ యాక్షన్ రైఫిల్‌లో కాల్చిన ఇత్తడి తొడుగును మళ్లీ సైజు చేసేటప్పుడు, అంటే డైలోకి నెట్టి సరైన కొలతకు తెచ్చేటప్పుడు, దాని భుజాన్ని (మెడ కింది వాలును) 0.001 నుంచి 0.002 అంగుళం వరకే వెనక్కి నెడతాం. 0.002 అంగుళం అంటే డై మీద పది డిగ్రీల తిప్పు. గడియారం పెద్దముల్లు రెండు నిమిషాల్లో జరిగేంత కూడా కాదు. ఆ కాస్త దూరాన్ని ఈరోజూ, ఆరు నెలల తర్వాతా ఒకేలా నిలబెట్టాల్సిన పని డై చుట్టూ ఉండే లాక్ రింగుది. ప్రెస్‌కు వందల డాలర్లు పెట్టినవాళ్లు కూడా ఆ రింగు దగ్గరికి వచ్చేసరికి డబ్బాలో ఏది వస్తే దానితోనే సరిపెట్టుకుంటారు.

ఇది అమెరికా సంగతి. అక్కడ సొంత వాడకానికి తూటాలు నింపుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు. భారతదేశంలో లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం 1959 ఆయుధాల చట్టం కింద నేరం. అమెరికాలో ఉన్న మనవాళ్లలోనూ హెచ్-1బీ వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారికి తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం సాధారణంగా నిషేధమే. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు వంటి మినహాయింపులు కొన్ని ఉన్నాయి. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఆ నిషేధం లేదు గానీ, రాష్ట్రాల చట్టాలు వేరుగా చూసుకోవాలి.

ఇక రింగుల విషయం. లీ డైలతో వచ్చే రింగుకు స్క్రూ ఉండదు, అడుగున ఒక రబ్బరు ఓ-రింగ్ ఉంటుంది. చేత్తో బిగిస్తే చాలు, రబ్బరు నొక్కుకుని పట్టుకుంటుంది. దీన్ని చులకన చేసేవాళ్లు చాలామంది ఉన్నారు, నేను చేయను. రబ్బరు కాస్త సాగుతుంది కాబట్టి డై తనంతట తాను తొడుగుకు ఎదురుగా సర్దుకుంటుంది. తొడుగు వంకర పోకుండా ఉండటానికి అది మంచిదే. చిక్కు ఎక్కడంటే, డైని ప్రెస్ నుంచి విప్పగానే రింగు మరల మీద స్వేచ్ఛగా తిరుగుతుంది. డబ్బాలో పెట్టేటప్పుడు వేలు తగిలినా పది డిగ్రీలు ఎటో పోతాయి. అందుకే లీ రింగు వాడేవాళ్లు ప్రతిసారీ సర్దుబాటు మొదటి నుంచీ చేసుకోవాలి. లీ వారి బ్రీచ్ లాక్ బుషింగ్ (డైని బిగించి ఉంచే గొట్టం లాంటి ముక్క) వాడితే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. డై బుషింగ్‌లోనే ఉండిపోతుంది, ప్రెస్ నుంచి బుషింగ్‌తో సహా కొద్దిపాటి తిప్పుతో వచ్చేస్తుంది. అప్పుడు ఆ చవక రింగే సరిపోతుంది.

రెండోది సెట్ స్క్రూ రింగు. ఆర్‌సీబీఎస్, రెడింగ్ డైలతో చాలాకాలంగా చూస్తున్నది ఇదే. రింగు పక్క నుంచి ఒక చిన్న స్క్రూ లోపలికి వెళ్లి డై మరలను అదిమి పట్టుకుంటుంది. నాకు వీటిలో ఏమాత్రం నచ్చనిది ఇదే. స్క్రూ ఒక పక్క నుంచే నెడుతుంది. మరల మధ్య ఉండే సందు మేరకు రింగు ఒక వైపుకు జరుగుతుంది, కాస్త వాలుతుంది కూడా. వాలిన రింగును ప్రెస్ మీద గట్టిగా బిగిస్తే డై కూడా దానితోపాటు పక్కకు ఒరుగుతుంది. పైగా ఉక్కు స్క్రూ మొన నేరుగా మరల మీద కూర్చుంటే అక్కడ చిన్న బొడిపె లేస్తుంది. తర్వాత రింగును అటు తిప్పితే ఆ చోట కరుచుకుపోతుంది, బలవంతంగా దాటిస్తే మర చెడుతుంది. దీనికి పాతకాలపు మందు ఒకటి ఉంది: స్క్రూ కింద సీసపు రవ్వ వేయడం. షాట్‌గన్ తూటాలో ఉండే చిన్న సీసపు గుండు ఒకటి ఆ రంధ్రంలో వేసి పైన స్క్రూ బిగిస్తే, సీసం నలిగి మరల ఆకారంలోకి సర్దుకుంటుంది. మర చెడదు, పట్టు కూడా బాగుంటుంది. డబ్బాలో కొత్తగా వచ్చిన రింగులో మెత్తని లోహపు ముక్క ఉందో లేదో స్క్రూ విప్పి చూడండి. పాత డైలు కొంటే ఈ పని మరీ ముఖ్యం, ముందు వాడినవాళ్లు ఆ రవ్వను ఎప్పుడో పోగొట్టి ఉంటారు.

మూడోది క్రాస్ బోల్టు రింగు. ఒకచోట చీలి ఉంటుంది, ఆ చీలికను అడ్డంగా ఒక బోల్టు దగ్గరికి లాగుతుంది. రింగు మొత్తం డైని చుట్టూ సమంగా పిండుతుంది కాబట్టి మర మీద గాటు పడదు, ఒక వైపుకు నెట్టడం ఉండదు. ఫోర్‌స్టర్ రింగు, హార్నడీ వారి ష్యూర్-లాక్ ఈ రకమే. ష్యూర్-లాక్‌కు స్పానర్ పట్టడానికి చదునైన అంచులు కూడా ఉంటాయి. డైని విప్పాలంటే డై ఒంటిని కాకుండా రింగునే పట్టి తిప్పవచ్చు, సర్దుబాటు చెదరదు. బోల్టు తల చిన్నది కాబట్టి అంగుళాల కొలత అలెన్ కీ వాడండి. దగ్గరగా సరిపోయే మెట్రిక్ కీతో తిప్పితే లోపలి మూలలు అరిగిపోతాయి, ఆ తర్వాత ఆ బోల్టు రాదు.

రింగు ఏదైనా బిగించే తీరు సరిగ్గా లేకపోతే పెట్టిన డబ్బు దండగే. సైజింగ్ డైని అనుకున్న చోటికి దింపాక, ఒక తొడుగును షెల్ హోల్డర్‌లో (తొడుగు అడుగును పట్టుకునే భాగంలో) పెట్టి, దాన్ని డైలోకి నెట్టే కడ్డీని, అంటే ర్యామ్‌ను, పూర్తిగా పైకి ఎత్తండి. పిడి మీద చెయ్యి తీయకుండా, ఆ ఒత్తిడి ఉండగానే రింగును ప్రెస్‌కు ఆనించి బిగించండి. మరల మధ్య సందు అంతా ఒక వైపు తీరిపోయి, పనిచేసేటప్పుడు డై ఎక్కడ నిలుస్తుందో అక్కడే స్థిరపడుతుంది. తర్వాత రింగు నుంచి ప్రెస్ మీదకు పెయింట్ మార్కర్‌తో ఒక గీత గీయండి. గీత విడిపోయి కనిపిస్తే ఆ రోజు కొలిచి చూడకుండా ఒక్క తూటా కూడా చేయవద్దు. ముఖ్యంగా బుల్లెట్‌ను కూర్చోబెట్టే డై విషయంలో. పావు చుట్టు జారితే బుల్లెట్ 0.018 అంగుళం లోతుకు పోతుంది. 9 మిల్లీమీటర్ల తూటా వంటి చిన్న తొడుగులో ఆ లోతు పీడనాన్ని ప్రమాదకరంగా పెంచగలదు.

ప్రెస్‌ను బట్టి కూడా తీర్పు మారుతుంది. ఫోర్‌స్టర్ కో-ఆక్స్ ప్రెస్‌లో డైని తిప్పి బిగించే మరలే లేవు, రింగు ఒక గాడిలోకి జారి డైని మోస్తుంది. అక్కడ లీ ఓ-రింగ్ రింగు పనికిరాదు, ఫోర్‌స్టర్ సొంత రింగు పెట్టుకోవడమే సుఖం. డిల్లన్ 550, 750 వంటి ప్రోగ్రెసివ్ ప్రెస్‌లలో (పిడి ఒక్కసారి లాగితే అన్ని డైలూ ఒకేసారి పనిచేసేవి) డైలు పక్కపక్కనే ఉంటాయి, లావు రింగులు ఒకదానికొకటి తగులుకుంటాయి. పైగా అక్కడ డైలను విడిగా విప్పరు, అవన్నీ బిగించి ఉండే టూల్ హెడ్‌తో సహా తీస్తారు. కాబట్టి సన్నని మామూలు నట్టు చాలు, క్రాస్ బోల్టుకు ఖర్చు పెట్టనక్కర్లేదు.

ఒకే ప్రెస్ మీద రెండు మూడు క్యాలిబర్లు మార్చి మార్చి నింపేవారికి నా ఓటు క్రాస్ బోల్టుకే. అన్నీ ఒకేసారి కొననక్కర్లేదు. రైఫిల్ సైజింగ్ డైకి ముందు, బుల్లెట్ కూర్చోబెట్టే డైకి తర్వాత. పిస్టల్ సెట్టులో తొడుగు నోరు విప్పే ఎక్స్‌పాండర్ డైకి లీ రింగే ఉండనివ్వండి. ఆ మిగిలిన డబ్బుకు కాసిని ప్రైమర్లు (తొడుగు అడుగున పెట్టి మందును అంటించేవి) వస్తాయి.