రెండు రేకులు, రెండు టేపులు: నేను కొన్న టో ప్లేట్ల సెట్

నాది 1992 నాటి మాజ్దా ఎంఎక్స్-5. ముసలి బండి కదా, ఏదో ఒక వేషం వేస్తూనే ఉంటుంది. ఈసారి స్టీరింగు వంతు. తిన్నగా పోవాలంటే కాస్త ఎడమకి తిప్పి పట్టుకోవాలి, బ్రేకు తొక్కితే కుడికి లాగేస్తుంది. ముందు టైరు మీద లోపలి నుంచి బయటికి చెయ్యి రాస్తే నున్నగా జారింది, బయటి నుంచి లోపలికి రాస్తే రంపం పళ్లలా తగిలింది. టో, అంటే చక్రాలు తిన్నగా కాకుండా లోపలికో బయటికో చూసే కోణం, తప్పిందని అక్కడే తెలిసిపోయింది.

రెండుసార్లు అలైన్‌మెంట్ చేయించాను. రెండుసార్లూ అంకెలన్నీ పచ్చగా ఉన్న కాగితం చేతిలో పెట్టి పంపారు. బండి తీరు మాత్రం మారలేదు. ఆ ఉక్రోషంలో కొన్నాను ఈ సెట్.

పెట్టెలో ఉన్నవి రెండు అల్యూమినియం రేకులు, రెండు టేపులు, ఒక డిజిటల్ యాంగిల్ గేజ్. రేకులు చెరో టైరుకి ఆనించి, ముందు చివర్ల మధ్య ఒకసారి, వెనక చివర్ల మధ్య ఒకసారి కొలవాలి. ముందు తక్కువుంటే టో-ఇన్, ఎక్కువుంటే టో-అవుట్. రేకులో టేపు దూర్చే ముందు, వెనక గాళ్ల మధ్య దూరం దాదాపు 580 మిల్లీమీటర్లు కాబట్టి, ఒక మిల్లీమీటరు తేడా అంటే 0.1 డిగ్రీ.

బండిని వెనక్కి నెట్టి ఆపి కొలిస్తే 2 మిల్లీమీటర్ల టో-ఇన్. ముందుకి నెట్టి ఆపి కొలిస్తే 3 మిల్లీమీటర్ల టో-అవుట్! టేపు సరిగ్గా పట్టుకోలేదేమోనని నాలుగుసార్లు చూశాను, అదే వరస. నిలబెట్టి ఒక్కసారి కొలిచే యంత్రానికి ఇది ఎలా దొరుకుతుంది? పొడుగు కడ్డీ పెట్టి ఎత్తితే కుడివైపు లోయర్ ఆర్మ్ (చక్రాన్ని బండికి పట్టి ఉంచే కింది చెయ్యి) వెనక బుష్ (దాని కీలులోని రబ్బరు) ఊగిపోతోంది. పైగా ఆ బుష్‌లోని క్యామ్ బోల్టు (తిప్పి చక్రం కోణం సరిచేసేది) తుప్పుతో లోపలి గొట్టానికి అతుక్కుపోయింది. తిప్పితే రబ్బరే మెలి తిరిగి, స్పానర్ వదలగానే వెనక్కొచ్చేస్తోంది. కోసి తీయడానికి ఒక ఆదివారం మొత్తం పట్టింది, మోచేతి చర్మం అదనం. కొత్త బోల్టుకి మళ్లీ అతుక్కోకుండా యాంటీ-సీజ్ పూసి ఎక్కించాను. బండి బరువు చక్రాల మీదికి వచ్చాకే చివరి బిగింపు, లేదంటే కొత్త రబ్బరు కూడా మెలికతోనే కూర్చుంటుంది. ఇప్పుడు ఎటు నెట్టినా అంకె ఒక్కటే.

లోపాలూ ఉన్నాయి. గేజ్‌కి అయస్కాంతం ఇచ్చారు, నా అల్లాయ్ చక్రాలకి అది అంటుకోదు, రబ్బరు బ్యాండ్లతో కట్టుకున్నాను. నేల సమంగా లేకపోతే క్యాంబర్ (చక్రం నిలువుగా కాక ఎంత వాలి ఉందో) అంకె అబద్ధమే. రెండు చక్రాల కింది నేలకీ అడ్డంగా తిన్నని పట్టీ వేసి, దాని మీద గేజ్‌ని సున్నా చేసుకోవాలని వాళ్ల కాగితంలో ఎక్కడా రాయలేదు. గాళ్ల అంచులు గరుకు, ఆకురాయితో రుద్దుకోవాల్సి వచ్చింది. ఇంకో ముఖ్యమైన సంగతి: ఈ రేకులు మొత్తం టో మాత్రమే చెబుతాయి. వెనక చక్రాలు రెండూ కలిసి ఒకే పక్కకి చూస్తున్నాయా అన్నది తెలియాలంటే బండికి రెండు వైపులా దారాలు కట్టాల్సిందే.

స్టీరింగు ఇంకా ఒక పిసరు ఎడమకే ఉంది. టై రాడ్లు (స్టీరింగుని చక్రాలకి కలిపే కడ్డీలు) రెండువైపులా సమానంగా తిప్పానో లేదో నాకే అనుమానం. దారాలు కట్టి చూడాలి. సెట్‌కి ఐదుకి నాలుగు.