లిఫ్ట్ ఉంది, మాకు కాదు

కిటికీలోంచి కనిపించే జింకు రేకుల ఇంటికప్పుల ఫొటో చూసి పారిస్‌లో గది బుక్ చేశాను. మూడు రాత్రులకు 276 యూరోలు. ఆరో అంతస్తు, లిఫ్ట్ ఉంది అని రాశారు. నిజంగానే ఉంది, ముందు వైపు, ఎర్ర తివాచీ పరిచిన మెట్ల పక్కన. మా గదికి దారి మాత్రం పెరటి వైపు నుంచి. ఇరుకు చెక్క మెట్లు, లెక్కపెట్టాను, 117. రెండు పెట్టెలు మోస్తూ మావారు నాలుగో అంతస్తులో చతికిలబడ్డారు. ఇంకా ఎంత అని కూడా అడగలేదు. అది మరీ భయం. బాత్రూమ్ వరండా చివర, ఇంకో నాలుగు గదులవాళ్ళతో కలిపి. ఫోన్ చేస్తే ఓనరమ్మ "ముందు మెట్లు ఫ్లాట్లవాళ్ళకండీ" అంది, ఎంతో మర్యాదగా.

ఒళ్ళు మండింది. ఫ్రెంచి రచయిత జోలా నవల 'పో-బుయ్' (1882) గుర్తొచ్చి నవ్వూ వచ్చింది. అందులో ష్వాజల్ వీధి ఇంటికి ముందు మెట్లు ఉత్తుత్తి పాలరాయి, ఎర్ర తివాచీ. పైకెళ్ళేకొద్దీ ఆ తివాచీ కాస్తా బూడిదరంగు గుడ్డ అయిపోతుంది. పనివాళ్ళకు వెనక మెట్లు, కప్పు కింద గదులు. వంటింటి కిటికీల్లోంచి వాళ్ళు పెరట్లోకి చెత్తతో పాటు యజమానుల గుట్టూ పారబోస్తారు. మాదీ ఒకప్పటి పనిమనిషి గదే. అద్దె మాత్రం దొరల లెక్కలో!

మోన్సో పార్కు బాగుంది, ఒక గంట చాలు. జోలాదే ఇంకో నవల 'ల క్యూరే'లో సకార్ అనే భూముల దళారీ మేడ ఇక్కడే. 1853 నుంచి 1870 దాకా ఓస్మాన్ అనే పెద్ద అధికారి ఊరు కూల్చి బులెవార్డులు, అంటే వెడల్పాటి వీధులు, వేయిస్తుంటే, ఏ వీధి ఎటు పోతుందో ముందే తెలుసుకుని, కూలబోయే ఇళ్ళు కొని, నష్టపరిహారం పెంచి మింగినవాడు. రింగురోడ్డు మ్యాపు ముందే చూసినవాళ్ళను ఎరిగిన మనకు వాడు కొత్తేం కాదు.

గూత్ దోర్ అనే పేటకి మావారు సణుగుతూనే వచ్చారు. జోలా 'లాసొమ్వార్' (1877)లో చాకలి పని చేసే జెర్వేజ్ పేట అది. చివర్లో ఆమె చితికిపోయి తిరుగుతుంటే, చుట్టూ కొత్త బులెవార్డులు, కొత్త మేడలు లేస్తుంటాయి. ఇప్పుడు ఆఫ్రికా వాళ్ళ కొట్లు. ఓ చిన్న హోటల్లో సెనెగల్ వేరుశెనగ పులుసు, అన్నం, ప్లేటు 9 యూరోలు. అచ్చం మన పల్లీల కూరే. మావారు రెండోసారి వడ్డించుకుని, ఆ పూటే మొదటిసారి నవ్వారు. ఎవరైనా వెళ్తే మ్యూజియం ఒకటి తగ్గించుకునైనా ఇక్కడ తినండి.

తిరిగొచ్చాక ఫిర్యాదు పెడితే 40 యూరోలు వెనక్కిచ్చారు. అందులో 11 మావారి మోకాళ్ళ ఆయింట్‌మెంట్‌కే పోయాయి.